240డి: తాళం తీసినా ఇంజన్ ఆగట్లేదు, పొద్దున్నే అందుకోవట్లేదు

శ్రీను_పాలకొల్లు:
అందరికీ నమస్కారమండి. మా పెదనాన్నగారి మెర్సిడెస్ 240డి ఇప్పుడు నా చేతికొచ్చింది. 1983 మోడల్, డబ్ల్యు123 బాడీ, మాన్యువల్ గేర్లు. అప్పట్లో ఎస్టీసీ (ప్రభుత్వ స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్) వేలంలో పాడుకున్నారు, అంతకుముందు ఢిల్లీలో ఏదో ఎంబసీ వాళ్లు వాడిన బండి. కొన్నేళ్లుగా చెరువు గట్టున షెడ్డులోనే ఉంది. అప్పుడప్పుడూ స్టార్ట్ చేసి పెట్టడం తప్ప తిప్పింది లేదు.

ఇప్పుడున్న ఇబ్బందులు: పొద్దున్నే సెల్ఫ్ చాలాసేపు కొడితేగానీ అందుకోదు. అందుకున్నాక కాసేపు తెల్లపొగ, మిస్సింగ్, తర్వాత సర్దుకుంటుంది. తాళం తీసేసినా ఇంజన్ ఆగదు, బానెట్ ఎత్తి చేత్తో ఆపాల్సిందే. ఎడమవైపు వెనక తలుపు సెంట్రల్ లాక్‌తో పాటు పడట్లేదు.

ఇక్కడొక మెకానిక్‌కి చూపిస్తే డీజిల్ పంపు దించాలి, ఇంజన్ బోరుకొచ్చింది (సిలిండర్లు అరిగిపోయాయి), ఈ ఖర్చంతా ఎందుకు టెంపో ట్రావెలర్ ఇంజన్ వేసేద్దాం అన్నాడు. నాకు మనసొప్పట్లేదు. పానాలు పట్టడం వచ్చు, బైకు పనంతా నేనే చేసుకుంటాను. దీన్ని ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటారు?

నాజిల్_బాబ్జీ (కాకినాడ):
శ్రీనుగారూ, పంపు మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకండి. మాది డీజిల్ పంపుల షాపు. ఇలాంటి బళ్లు వచ్చినప్పుడల్లా పంపు విప్పేసి సంచిలో వేసుకుని తెస్తారు, బెంచీ మీద పెడితే దాంట్లో ఏ లోపమూ ఉండదు. అది బాష్ ఇన్‌లైన్ పంపు, ఇంజనాయిల్‌తోనే తడుస్తుంది. టైముకి ఆయిల్ మార్చిన బండిలో ఆ పంపు అంత తేలిగ్గా పోదు.

ఇంజన్ ఆగకపోవడం, తలుపు లాక్ పడకపోవడం రెండూ ఒకటే జబ్బండి. ఈ బండి ఆగేది కరెంటుతో కాదు, వాక్యూమ్‌తో, అంటే గాలి లాగేసే బలంతో. ఇంజన్ ముందువైపు వాక్యూమ్ పంపు ఉంటుంది. అక్కణ్ణుంచి లావు గొట్టం బ్రేక్ బూస్టర్‌కి పోతుంది. ఆ గొట్టం మీంచే సన్న పైపులు చీలి ఒకటి తాళం వెనక్కి, ఒకటి తలుపు లాకులకి వెళ్తాయి. తాళం కట్టేసినప్పుడు వాక్యూమ్ డీజిల్ పంపు వెనకున్న షటాఫ్‌కి అంది, అది లోపలి ర్యాక్‌ని (డీజిల్ ఎంత పోవాలో సర్దే కడ్డీని) లాగేసి డీజిల్ ఆపేస్తుంది. తలుపులో రబ్బరు చిరిగిందనుకోండి, వాక్యూమ్ అక్కడే పోతుంది. షటాఫ్‌కి బలం చాలదు.

ముందు ఇది చెప్పండి. బ్రేక్ పెడల్ రాయిలా గట్టిగా ఉందా, మామూలుగా దిగుతోందా?

శ్రీను_పాలకొల్లు:
మామూలుగానే దిగుతోందండి. బ్రేకులు బాగానే పడుతున్నాయి.

నాజిల్_బాబ్జీ:
అయితే వాక్యూమ్ పంపు, లావు గొట్టం రెండూ మంచివే. లీకు సన్న పైపుల్లోనే. ఎలా పట్టుకోవాలో మాస్టారు చెప్తారు, ఆయనకి 300డి ఉంది.

వేణుమాస్టారు (అమలాపురం):
శ్రీనూ, నాది ఓఎం617 ఇంజన్, ఐదు సిలిండర్లు. నీది ఓఎం616, నాలుగు. వాక్యూమ్ దారి మాత్రం రెంటికీ ఒకటే కనుక ధైర్యంగా చెయ్యి.

ముందు బానెట్ పూర్తిగా లేపు. మామూలుగా ఎత్తాక కీలు దగ్గరున్న లాచ్ వదిలితే నిటారుగా నిలబడుతుంది. చాలామందికి ఆ సంగతి తెలియక సగం ఎత్తిన బానెట్ కింద నడుం వంచుకుని పని చేస్తారు. తర్వాత లింకేజీ మీద స్టాప్ అని రాసున్న లీవరు ఎక్కడుందో చూసి పెట్టుకో. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ లాగి ఉండాలి.

బూస్టర్ గొట్టం మీద ప్లాస్టిక్ ముక్కులు కనిపిస్తాయి, వాటికే సన్న పైపులు గుచ్చి ఉంటాయి. తలుపు లాకులకి పోయే పైపు పీకి, ఆ ముక్కుకి రబ్బరు టోపీ పెట్టి మూసెయ్. టోపీ లేకపోతే సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కకి చిన్న స్క్రూ బిగించినా సరిపోతుంది. ఇప్పుడు స్టార్ట్ చేసి తాళం తియ్యి. టక్కున ఆగిందంటే లీకు తలుపుల వైపు. ఆగకపోతే షటాఫ్ వైపు.

రెండోదైతే చేతి వాక్యూమ్ పంపు కావాలి. బ్రేకుల్లో ఎయిర్ తీయడానికి వాడతారే అదే, ఆన్‌లైన్లో దొరుకుతుంది. షటాఫ్ పైపు తీసి నేరుగా దానికే తగిలించి లాగు. ఇంజన్ ఆగాలి, గేజి ముల్లు దిగకుండా నిలబడాలి. ఇంకో గుర్తు కూడా ఉంది. ఆ సన్న పైపు ఊడదీసినప్పుడు లోపల నల్లటి ఇంజనాయిల్ కనిపిస్తే షటాఫ్ లోపలి డయాఫ్రం (రబ్బరు పొర) చిరిగినట్టే. అలాంటప్పుడు షటాఫ్ మార్చడంతో ఊరుకోకు, పైపు లోపలి నూనె కూడా కడిగెయ్. ఆ నూనె తాళం వెనక వాల్వు దాకా పాకి దాన్నీ పాడు చేస్తుంది.

ట్రాక్స్_రాంబాబు (రావులపాలెం):
శ్రీనుగారండి, ఆ ట్రావెలర్ ఇంజన్ మాట నేను చెప్తాను. రావులపాలెం సెంటర్లో చాలాకాలం టెంపో ట్రాక్స్ తిప్పినవాణ్ణి.

మీ బండిలో ఉన్న ఓఎం616నే మెర్సిడెస్ లైసెన్సు మీద మన దేశంలో బజాజ్ టెంపో తయారు చేసింది, ఇప్పుడు ఫోర్స్ మోటార్స్ అంటున్నదే. ట్రాక్స్‌లోనూ ట్రావెలర్‌లోనూ ఆ ఇంజనే వచ్చింది. అంటే ఉన్న ఇంజన్ తీసి దాని వంశంలోదే మళ్లీ పెడతానంటున్నాడు మీ మెకానిక్. ఆ మార్చిన ఇంజన్‌కి ఆర్టీవో అనుమతి తీసుకోవాలి, ఆర్‌సీలో నంబరు మార్పించాలి. అది అయ్యేసరికి ఉన్న ఇంజన్‌కి రింగులేసుకోవచ్చు.

కానీ ఈ చుట్టరికం వల్ల మీకో లాభముంది. కొన్ని సామాన్లు ట్రాక్స్ సామాన్ల షాపులోనే దొరుకుతాయి. ఫిల్టర్లు, హీటర్ ప్లగ్గులు (చల్లటి ఇంజన్ అందుకోవడానికి లోపల వేడిచేసేవి), నాజిల్స్ (సిలిండర్లోకి డీజిల్ చల్లేవి), కొన్ని గ్యాస్కెట్లు. పాతది చేత్తో పట్టుకెళ్లి, మీద కొట్టిన నంబరు, చుట్టు, పొడవు పోల్చుకునే కొనండి. పేరు ఒకటే అని చెప్పి తెచ్చుకోకండి. మన ఇంజన్లకి తర్వాత తర్వాత మార్పులు చేశారు, అన్నీ పడవు.

పద్మజ_తణుకు:
ఇంజన్ "బోరుకొచ్చింది" అని చెవితో విని చెప్పేస్తే ఎలాగండి? చూసే పద్ధతి ఉంది. వేడెక్కాక ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి అక్కడే ఆనించి ఉంచండి. కాస్త కదిలితే పర్వాలేదు. గంతులేసి పక్కకి పడిపోయి, ఆవిరిలా పొగ తన్నుకొస్తుంటే అప్పుడు రింగుల గురించి ఆలోచించండి. ఆ తర్వాత కంప్రెషన్ గేజి. అదీ ట్యాపెట్లు (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్న గ్యాప్) సెట్ చేశాకే. ట్యాపెట్లు బిగిసి ఉన్న ఇంజన్‌కి కంప్రెషన్ తీస్తే మంచి ఇంజన్ కూడా చచ్చినట్టు చూపిస్తుంది.

పొద్దున్న అందుకోకపోవడానికి ముందు హీటర్ ప్లగ్గులు చూడండి. మీ మోడల్లో పెన్సిల్ ప్లగ్గులు, ఒక్కోదానికి వేరే వైరు. పాత లూప్ ప్లగ్గుల్లో ఒకటి పోతే అన్నీ పోయేవి. వీటిలో ఒకటో రెండో పోయినా బండి నడుస్తుంది, మిస్సింగ్‌తో లేస్తుంది. మీరు చెప్పిన తెల్లపొగ అచ్చంగా అలాగే ఉంది. వైర్లు ఊడదీసి మల్టీమీటర్‌తో ప్లగ్ మీద వైరు తగిలించే పై కొసకీ ఇంజన్ బాడీకీ మధ్య ఓమ్స్ చూడండి. ఒక ఓమ్ లోపు చూపిస్తే బతికున్నట్టు. ఏమీ చూపించకపోతే పోయినట్టు. నాలుగూ బాగుంటే రిలే మూత తీసి లోపలి 80 ఆంప్స్ పట్టీ ఫ్యూజ్ చూడండి. చెరువు గట్టు మీద బండి కదా, ఆ పట్టీ కొసల దగ్గర పచ్చగా చిలుం పట్టి ఉంటుంది.

ప్లగ్ తీసేటప్పుడు ఇంజన్ గోరువెచ్చగా ఉంటే మంచిది. బలవంతం చెయ్యకండి. హెడ్‌లో విరిగిందంటే ఆ తర్వాతిది పెద్ద పని. కొత్తది పెట్టేముందు రంధ్రంలో పేరుకున్న కార్బన్ రీమర్‌తో తీసెయ్యాలి. లేకపోతే కొత్త ప్లగ్ కొస కార్బన్‌లో ఇరుక్కుని త్వరగా కాలిపోతుంది.

వేణుమాస్టారు:
పద్మజమ్మ ట్యాపెట్ల మాట ఎత్తింది కాబట్టి వివరంగా రాస్తాను. ఈ ఇంజన్ని చంపేది ఎక్కువగా ఈ పని మర్చిపోవడమే. దీంట్లో హైడ్రాలిక్ ట్యాపెట్లు లేవు, అవి తర్వాత తరంలో ఓఎం601, 602లతో వచ్చాయి. వీటిలో రానురాను గ్యాప్ తగ్గిపోతుంది. చప్పుడు రాదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోకపోతే కంప్రెషన్ కారిపోతుంది, పొద్దున్న అందుకోదు, చివరికి వాల్వు కాలిపోతుంది.

ఇంజన్ చల్లగా ఉండగా, అంటే రాత్రంతా ఆగి ఉన్న బండికి, ఇన్‌టేక్ 0.10 మి.మీ., ఎగ్జాస్ట్ 0.30 మి.మీ. ఏది ఏదో తెలియాలంటే మానిఫోల్డ్ గొట్టాలు చూడు. గాలి గొట్టానికి ఎదురుగా ఉన్నది ఇన్‌టేక్, పొగ గొట్టానికి ఎదురుగా ఉన్నది ఎగ్జాస్ట్.

క్రాంక్ బోల్టుకి 27 సాకెట్ పెట్టి ముందునుంచి చూస్తే గడియారం తిరిగే దిక్కులోనే తిప్పు. వెనక్కి తిప్పకు. క్యామ్ బోల్టు పట్టుకుని అసలే తిప్పకు. ఏ వాల్వు చూస్తున్నావో ఆ క్యామ్ ముక్కు రాకర్‌కి దూరంగా పైకి తిరిగి ఉండాలి. ఫిల్లర్ గేజ్ (గ్యాప్ కొలిచే సన్న రేకు) దూర్చు. చిన్న పట్టుతో జారాలి. దూరకపోతే వాల్వు మీద రెండు నట్లుంటాయి, పైది టోపీ నట్టు, కిందది లాక్ నట్టు. రెంటికీ 14 పానాలే. సన్నటివి, మెడ వంగినవి అయితే చెయ్యి తిరుగుతుంది. కింది నట్టు పట్టుకుని పైది వదులు చెయ్యి, గ్యాప్ సరిచెయ్యి, మళ్లీ బిగించు. బిగించాక గ్యాప్ మారిపోతుంది, అందుకని మళ్లీ గేజ్ పెట్టి చూడాలి. మొదటి వాల్వు దగ్గర విసుగొస్తుంది. మూడో వాల్వుకి చెయ్యి అలవాటు పడుతుంది. మూత పెట్టేటప్పుడు గ్యాస్కెట్ కొత్తది వెయ్యి.

ట్రాక్స్_రాంబాబు:
ఈ పని చూసి నేర్చుకోవాలంటే ట్రాక్స్ షెడ్డుల్లో పాత మేస్త్రీలు ఇంకా ఉన్నారండి. బెంజి కారు అంటే భయపడతారు. మూత తీసి చూపించండి, ఇది మాదే కదా అంటారు.

ఇంకో మాట. డీజిల్ ఫిల్టర్లు రెండున్నాయి. పంపు ముందు చిన్న పారదర్శకమైనది ఒకటి, పెద్ద డబ్బా ఒకటి. రెండూ మార్చేసి, హ్యాండ్ ప్రైమర్ కొట్టి ఎయిర్ తియ్యండి. అంతకాలం నిలబెట్టిన బండి కాబట్టి ట్యాంకు అడుగున జాలీ కూడా చూడండి. డీజిల్లో నీళ్లు చేరితే నల్లటి జిగురు పడుతుంది. అది జాలీకి పట్టిందంటే బండి రోడ్డెక్కాక స్పీడులో చచ్చిపోతుంది, కాసేపు ఆపితే మళ్లీ లేస్తుంది. పంపు పోయిందని అందరూ అనుకునేది అప్పుడే. నాజిల్స్ మీద గుడ్డ అల్లిక ఉన్న సన్న రిటర్న్ గొట్టాలు కూడా మార్చెయ్యండి, ఖరీదేం కాదు. అవి పగిలితే డీజిల్ కారడమే కాదు, రాత్రి గాలి పీల్చుకుని పొద్దున్న అందుకోదు.

పద్మజ_తణుకు:
ఇంజన్ గురించి అందరూ చెప్పారు. నా భయం బాడీ గురించండి. మన డెల్టాలో డబ్ల్యు123 ఇంజన్‌తో చచ్చింది నేను చూళ్లేదు, తుప్పుతో చచ్చినవే చూశాను. నర్సాపురం, మొగల్తూరు, అంతర్వేది వైపు గాలిలో ఉప్పు. రొయ్యల చెరువుల దగ్గరయితే మరీను.

శ్రీనుగారూ, పని మొదలెట్టే ముందే స్క్రూడ్రైవర్ పట్టుకుని బండి కిందికి దూరండి. జాకీ పెట్టే గొట్టాలు నాలుగూ పొడవండి. ముందు చక్రాల వెనక ఫెండర్ లోపల మట్టి కరడు కట్టి ఉంటుంది, అది తవ్వి తీసెయ్యండి. బ్యాటరీ కింద పళ్లెం, డిక్కీలో స్టెప్నీ గుంట, వెనక అద్దం రబ్బరు కింద అంచు చూడండి. అద్దం కింద, వైపర్ల దగ్గర నీళ్లు దిగే గుంటలో కొబ్బరి పూత, ఎండుటాకులు పేరుకుని కుళ్లిపోతాయి. ఆ గుంట రంధ్రాలు మూసుకుపోతే నీళ్లు కాళ్ల దగ్గరికి దిగుతాయి, కార్పెట్ కింద నేల రేకు తినేస్తుంది. కొబ్బరిచెట్టు కింద బండి పెట్టడం మానండి, కాయ పడుతుందనే కాదు, ఇందుకూను.

పుట్టీ పెట్టి రంగేసే టింకరింగ్‌కి ఒప్పుకోకండి. తుప్పు పట్టిన రేకు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేసేవాళ్లకే ఇవ్వండి.

ట్రాక్స్_రాంబాబు:
మేమైతే తీసేసిన ఇంజనాయిల్ కింద రాసేసేవాళ్లమండి. తుప్పు దగ్గరికి రాదు.

పద్మజ_తణుకు:
రాంబాబుగారూ, దాని మీద నాకు గట్టి అభ్యంతరముంది. ఆ నూనె కంట్రోల్ ఆర్మ్ బుష్‌ల రబ్బరుని ఉబ్బించి పాడు చేస్తుంది. వాన పడగానే కారి పంట కాలువలోకి పోతుంది. ఆ కాలువ నీళ్లే మన పొలాలకీ, కొన్ని ఊళ్లలో తాగడానికీ. బాడీ లోపలి గొట్టాల్లోకి కొట్టే మైనం స్ప్రే దొరుకుతోంది, కింద రాసే లానోలిన్ పూత దొరుకుతోంది. వానలకి ముందు ఒకసారి కొట్టించండి. బీచి వైపు వెళ్లొస్తే ఆ రోజే మంచినీళ్లతో కింద కడగండి. ఆ రెండూ చాలు.

ట్రాక్స్_రాంబాబు:
కాలువ మాట నిజమేనండి, ఒప్పుకుంటాను.

లంకబ్బాయి:
రేడియేటర్ మాట ఎవరూ చెప్పలేదు. మా వైపు బోరు నీళ్లు ఉప్పు, కాకపోతే ఇనుము. ఆ నీళ్లు రేడియేటర్లో పోస్తే లోపల చాళ్లు మూసుకుపోతాయి. షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఎవరేం పోశారో తెలియదు కదా. మొత్తం దించేసి సిట్రిక్ యాసిడ్‌తో కడిగి, బాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో (యాసిడ్ కాదు) కూలెంట్ సగంపాళ్లు కలిపి పోయండి. ముల్లు 80 దాటి కాస్త దూరంలో నిలకడగా ఉండాలి. రావులపాలెం వంతెన మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఎక్కేస్తుంటే ఫ్యాన్ విస్కస్ క్లచ్ చూడండి.

వరదలో తడిసిన బండి అయితే మాత్రం ముందు సెల్ఫ్ కొట్టకండి. 2022 జూలై వరదకి మా లంకల్లో చాలా బళ్లు మునిగాయి, నీళ్లు తీశాక ఆత్రంగా సెల్ఫ్ కొట్టి కనెక్టింగ్ రాడ్లు వంచుకున్నవాళ్లున్నారు. దీంట్లో కంప్రెషన్ 21కి 1. సిలిండర్లో నీళ్లుంటే అవి నలగవు, రాడ్డే వంగుతుంది. హీటర్ ప్లగ్గులన్నీ తీసేసి, క్రాంక్ చేత్తో తిప్పి, నీళ్లు బయటికి రానిచ్చాకే ఏదైనా. గేరాయిల్, డిఫరెన్షియల్ ఆయిల్ పాలలా ఉంటే మార్చెయ్యాలి.

యానాం_కిరణ్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఢిల్లీలో డబ్ల్యు124 ఈ250 డీజిల్ ఒకటి చాలా చవగ్గా ఉంది. పుణేలో అసెంబుల్ అయిన తొలి మోడల్ అంటున్నారు. తెచ్చుకోవచ్చా?

పద్మజ_తణుకు:
కిరణ్, నాదీ 124నే. మెర్సిడెస్ ఇండియా 1995లో మొదట విడుదల చేసింది ఈ బాడీనే, కాబట్టి వాళ్లన్నది నిజమే కావచ్చు. చవగ్గా రావడానికి కారణం అక్కడ పదేళ్లు దాటిన డీజిళ్ల మీద 2015లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఇచ్చిన ఆర్డరు. బండి చెడ్డదని కాదు. కానీ డబ్బిచ్చేముందు ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) చేతికొచ్చి తీరాలి. ఇక్కడి ఆర్టీవో ఆఫీసుకెళ్లి ఫిట్‌నెస్, రీరిజిస్ట్రేషన్ ఎంతవుతుందో అడిగి తెలుసుకోండి, దళారి మాట నమ్మొద్దు. పక్కల ప్లాస్టిక్ పలకలు ఊడదీయించి వెనక తుప్పు చూడండి, పైకి ఏమీ కనపడదు. ఆ ఏళ్ల బళ్లలో ఇంజన్ వైరింగ్ పై తొడుగు పొడిపొడిగా రాలిపోయే జబ్బు కూడా ఉంది. రెండు వైర్లు వంచి చూస్తే తెలిసిపోతుంది.

శ్రీను_పాలకొల్లు:
ఇప్పటిదాకా అయింది చెప్తానండి. మాస్టారు చెప్పినట్టు లాకుల పైపు పీకి మూసి తాళం తీస్తే టక్కున ఆగింది! పంపు వెనక పైపులో నూనె చుక్క లేదు. తర్వాత చేతి పంపుతో ఒక్కో తలుపూ లాగి చూశాను. వెనక ఎడమ తలుపు ముల్లు నిలబడలేదు. ప్యానెల్ తీస్తే అడుగున రబ్బరు డయాఫ్రం అంచు చుట్టూ చీలి ఉంది. ఆ తలుపు పైపుకి బిరడా పెట్టి మిగతావి కలిపాను, మూడు తలుపులూ పడుతున్నాయి, ఇంజన్ ఆగుతోంది.

హీటర్ ప్లగ్గుల్లో రెండు పోయాయి, నాలుగూ మార్చాను. ట్యాపెట్లలో ఎగ్జాస్ట్ వాల్వులు అన్నీ బిగిసే ఉన్నాయి, ఒకదాంట్లో 0.10 కూడా దూరలేదు. సెట్ చేశాక పొద్దున్నే వెంటనే అందుకుంటోంది. ఆయిల్ మూత పరీక్షలో మూత కాస్త వణికింది అంతే. జాకీ గొట్టాలు రెండు పోయాయి, వెల్డింగ్‌కి మాట్లాడాను. మా అమ్మగారు బండి చప్పుడు విని బయటికొచ్చి పెదనాన్న వచ్చాడనుకున్నానంది.

ఇంకా లేచిన కొత్తలో కొంచెం టకటక, సన్నగా పొగ ఉంది. బాబ్జీగారూ, నాజిల్సేనా?

నాజిల్_బాబ్జీ:
చాలా బాగా చేశారండి. నాజిల్సే అయ్యుంటాయి. ఐడిల్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టు 17 పానాతో కాస్త వదులు చేసి చూడండి. కళ్లకి అద్దాలు పెట్టుకోండి, చెయ్యి ఆ జెట్‌కి అడ్డం పెట్టకండి. ఏది వదులు చేస్తే టకటక ఆగుతుందో అదే దొంగ. అయినా నాలుగూ తీసుకురండి. 27 డీప్ సాకెట్‌తో వస్తాయి. పైపుల మూతులకి, పంపు మూతులకి శుభ్రమైన టోపీలు పెట్టండి, ఇసుక రవ్వ పడినా నష్టమే. ఏది ఏ సిలిండర్‌దో నంబరు రాయండి. బెంచీ మీద 115 బార్ దగ్గర విడుస్తోందో లేదో, పొగమంచులా చల్లుతోందో చుక్కలు కారుతోందో చూద్దాం. నాలుగూ ఒకటే ప్రెషర్‌కి సర్దితే ఐడిల్ మారిపోతుంది.

నాజిల్ కింద ఉండే హీట్ షీల్డ్ వాషర్లు మాత్రం పాతవి మళ్లీ వెయ్యకూడదు. తీసిన ప్రతిసారీ కొత్తవే. అవి నా దగ్గరున్నాయి.

శ్రీను_పాలకొల్లు:
తప్పకుండా తెస్తానండి. కిరణ్‌గారూ, మీ 124 ఖాయమైతే ఆ చేతి వాక్యూమ్ పంపు నా దగ్గరుంది, పట్టుకెళ్లండి. వెనక ఎడమ తలుపు డయాఫ్రం ఎవరి దగ్గరైనా పాతది బాగున్నది ఉంటే చెప్పండి, ధర ఎంతైనా ఇస్తాను.

వేణుమాస్టారు:
నా దగ్గర విప్పిన 300డి తలుపులు రెండున్నాయి. వెనక ఎడమది అందులో ఉంది. ధర మాట ఎత్తకుండా అమలాపురం వచ్చి విప్పుకుపో. మల్టీమీటర్ తీసుకురా, నా హీటర్ రిలే కూడా ఓసారి చూద్దువుగాని.